కొండకు పోయొచ్చిన ఫిల్ము

వకుళాదేవి ఇంట్లో ఫ్రిజ్జు తలుపు తీస్తే పై అరలో పాలగిన్నె, పెరుగు, కింది అరలో దోసెపిండి, కరివేపాకు పొట్లం ఉంటాయి. ఆ వారం వాటి మధ్య ఏడు గుండ్రటి డబ్బాలు వచ్చి చేరాయి. అన్నిటికీ చుట్టూ టేపు, పైన కూతురు హంసిని రాసిన అంకెలు. తెల్లారి ఐదున్నరకు పాల కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా డబ్బాలు చల్లగా తగులుతాయి, ఆమె "గోవిందా" అని చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. మూడు రోజులు ఓర్చుకుంది. తిరుపతిలో ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పిన మనిషికి అంతకన్నా ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

"ఏందే ఇవి? మిఠాయి డబ్బాలా, బాంబులా?"

"సినిమా ఫిల్మమ్మా. చల్లగా ఉండాల, లేకుంటే పాడైపోతాది."

"అందరూ ఫోన్లోనే తీసి పారేస్తా ఉంటే నీకేం కర్మే ఈ రీళ్లు?"

"పుత్తూరు నాగరత్నమ్మను తీయాలమ్మా."

"ఓ, ఆమెనా! ఆమె ఫోటోలో పడదు గదా" అంది వకుళాదేవి, ఎక్స్‌ప్రెస్ బస్సు ఆ ఊళ్లో ఆగదు గదా అన్నంత మామూలుగా. తర్వాత డబ్బాలను కొంచెం పక్కకు జరిపి పాలగిన్నె తీసుకుని పోయింది.

నాగరత్నమ్మ సంగతి పుత్తూరు చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. తెల్లవారక ముందే ఆమె ఇంటి ముందు ఆటోలు ఆగుతాయి. చెయ్యి విరిగినవాళ్లు, కాలు బెణికినవాళ్లు, మామిడి చెట్టెక్కి జారినవాళ్లు, బైకు మీద విన్యాసాలు చేసి వీపు చూపించేవాళ్లు. ఆమె ఎముకను వేళ్లతో వెతికి, సరిచేసి, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుడుతుంది. కళ్లకు కనబడుతుంది, చెయ్యి వేస్తే తగులుతుంది, తిడితే రెండు వీధుల అవతలికి వినబడుతుంది. ఫోటోలో మాత్రం పడదు. ఫోన్లో వీడియో తీస్తే గుడ్డు దానంతటదే పగులుతుంది, గుడ్డ దానంతటదే చుట్టుకుంటుంది, కట్టించుకునేవాడు ఎవరూ లేని వైపు చూసి "అమ్మా, సచ్చినా!" అని అరుస్తుంటాడు.

దీనికి ఎవరూ ఆశ్చర్యపోయింది లేదు. ఆ ఊరి పెళ్లిళ్లకు ఫోటోలు తీసే పాల్ అయితే "ఆమెకు చోటు వదలండమ్మా" అని అందర్నీ కాస్త ఎడంగా నిలబెడతాడు. ఏ ఇంటి ఆల్బమ్ తిప్పినా పెళ్లికూతురి పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంటుంది, అది నాగరత్నమ్మ. ఆధార్ కార్డులో ఆమె పేరు పక్కన నీలం ప్లాస్టిక్ కుర్చీ బొమ్మ ఉంది. బ్యాంకులో ఆ కుర్చీని చూస్తారు, ఆమెను చూస్తారు, ముద్ర వేస్తారు.

చిత్తూరు గుణశేఖర్‌కు ఈ మనిషితోనే సినిమా తీయాలని పిచ్చి పట్టింది. కట్టు కట్టే మనిషి కథ, ఆ చేతులు వేరే ఎవరికీ రావు అన్నాడు. దర్శకుడూ అతనే, నిర్మాతా అతనే కాబట్టి కాదనేవాళ్లు లేరు. కాదన్నది నాగరత్నమ్మే.

"నేను దాంట్లో పడితేనే తియ్యి నాయనా. పడకుంటే నా సేతులు నావి, నీ సినిమా నీది."

అందుకే కెమెరా పని హంసినికి వచ్చింది. మద్రాసులో ఎనిమిదేళ్లు అసిస్టెంటుగా చేసి, ఫిల్ము మీద తీయడం నేర్చుకున్నవాళ్లలో ఆఖరిది. సొంతంగా ఇదే మొదటి సినిమా. డిజిటల్ కెమెరా ముందు నాగరత్నమ్మ బొత్తిగా లేదు. ఆమె చిన్నప్పటి పాత ఫిల్ము ఫోటో ఒకదాంట్లో మాత్రం గోడ మీద ఏదో మసక ఉన్నట్టుందని పాల్ చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఫిల్ము తెప్పించారు.

మొదటి రోజు హంసిని ఆమె అరుగు మీద కూర్చుని ఉండబట్టలేక అడిగింది. "పెద్దమ్మా, సినిమాలో పడాలని నీకెందుకింత పట్టుదల?"

నాగరత్నమ్మ గుడ్డ పీలికలు చింపుతూనే చెప్పింది. "నాలుగేండ్లప్పుడు కొండమీద తప్పిపోయినా పాపా. మా నాయన గుండు కొట్టించుకోను లోపలికి పోయినాడు. బయటికి వస్తే నేను గుర్తు పట్టలా. అందరివీ గుండ్లే, అందరికీ సందనమే. వేరే గుండాయన్ని మా నాయన అనుకోని ఎనకాల పోయినా. ఆయనే సిన్నబ్బ, ఈ ఇంటాయన. మూడు దినాలు నన్ను ఎత్తుకోని కొండంతా తిరిగినాడు పాపం. పోలీసోళ్లకు సెప్పినాడు. ఎవురూ రాలా. ఇంగేం సేస్తాడు, ఇంటికి తెచ్చుకోని కట్టు కట్టేది నేర్పించినాడు."

"మీవాళ్లు వెతకలేదా?"

"వెతికే ఉంటారు మే. కొండెక్కే ముందరనాడు తిరపతిలో ఫోటో తీయించినాడు మా నాయన. ఈడ సెయ్యి పెట్టి నిలబడినాడు." ఎడమ భుజం ముట్టుకుంది. "నాకు యాదికుండేది ఆ సెయ్యి బరువొకటే. ఊరు తెలీదు, పేరు తెలీదు, ఇంట్లో పాపా అనేవోళ్లు. ఆ ఫోటోలో నేను పడుంటే నలుగురికీ సూపించి అడుగుదురు. పడకపోతే ఏం సూపిస్తారు, సెప్పు?"

నాగరత్నమ్మ ఇంకో పీలిక చింపింది.

"అరవైమూడేండ్లు వచ్చినాయి నాకు. అమ్మ పోలికో నాయన పోలికో ఏదో ఒకటి ఉంటాది గదా ఈ మొగానికి. పెద్ద తెరమీద పడితే నా అనేవోళ్లు ఎవురన్నా సూస్తారేమో. అంతే నాకు."

ఆ మాట విన్నాక హంసినికి ఇది మొదటి సినిమా అన్న భయం పోయి ఇంకో భయం పట్టుకుంది.

ఫిల్ము ఎంచుకోవడం అంటే బయటివాళ్లకు అర్థం కాదు. అన్నీ ఒకటే కదా అంటారు. కిరాణా కొట్లో రవ్వ అడిగితే సన్నదా, దొడ్డదా అని అడుగుతాడు, ఇదీ అంతే. ఫిల్ము మీద వెండి రవ్వలు ఉంటాయి. సన్న రవ్వది యాభై స్పీడు. ముఖం మీద ప్రతి గీతా చెక్కినట్టు వస్తుంది, కానీ ఎండ దండిగా కావాలి. దొడ్డ రవ్వది ఐదొందల స్పీడు. బొమ్మ కాస్త గరుకుగా ఉంటుంది, కానీ వంటింటి చీకట్లో కూడా పని చేస్తుంది. ఆ మధ్యలో రెండొందలు, రెండొందల యాభై. కొన్ని ఎండకు సరిపోయేవి, కొన్ని బల్బు వెలుతురుకు. కథ ఏది, ముఖం ఏది, ఇల్లు ఎలాంటిది, అన్నీ చూసి ఎంచుకోవాలి. ఒకసారి ఎంచుకుంటే సినిమా అంతా దానితోనే కాపురం.

హంసిని దగ్గర ఉన్నవి యాభైది ఒకటి, రెండొందలది ఒకటి, రెండొందల యాభైది ఒకటి, ఐదొందలది నాలుగు. ఉదయం ఏడింటికి తూర్పు ఎండ అరుగు మీదికి వచ్చే వేళ నాగరత్నమ్మను కూర్చోబెట్టి వెలుతురు కొలిచే మీటరు పట్టింది. ముఖం మీద పడే వెలుతురు చూస్తే అందరికీ ఎంతో ఆమెకూ అంతే. ముఖం నుంచి తిరిగి వచ్చే వెలుతురు చూద్దామని రెండో మీటరు పెడితే అది సున్నా దగ్గరే కూర్చుంది.

"పడతా ఉండాది పెద్దమ్మా, తిరిగి రావడంలేదు" అంది హంసిని.

"నేనేం మింగేస్తానా దాన్ని!" అని నాగరత్నమ్మ కోప్పడింది.

ఒక్కో రకం మీద ఒక్కో నిమిషం తీసింది. చెన్నైలో ఫిల్ము కడిగే ల్యాబులు మూతబడి ఏళ్లయింది కాబట్టి డబ్బాలు ముంబై పోయాయి, కడిగించుకుని కంప్యూటరుకు ఎక్కి ఆరో రోజు తిరిగి వచ్చాయి. గుణశేఖర్, హంసిని పక్కపక్కన కూర్చుని చూశారు. యాభై మీద గోడకున్న మేకు, మేకు మీది తుప్పు, అరుగు మీద చీమల బారు అన్నీ అద్దంలా పడ్డాయి. నాగరత్నమ్మ లేదు. రెండొందల మీదా లేదు. రెండొందల యాభై మీద గోడకు ఒక నీడ పడింది. ఐదొందల మీద, ల్యాబు వాళ్లను బతిమాలి మామూలుకన్నా ఎక్కువసేపు కడిగిస్తే, నల్లటి చోట ఇంకాస్త నల్లగా ఒక తల ఆకారం, ముక్కుపుడక ఉండాల్సిన చోట ఒక చుక్క మెరుపు.

"చుక్కతో సినిమా తీస్తామా మేడం?" అన్నాడు గుణశేఖర్. మంచివాడే, కానీ విసిగిపోయాడు. "పదో తేదీ నుంచి చెన్నై హీరోయిన్ డేట్లు ఖాళీగా ఉండాయంట. డిజిటల్ కెమెరా పెట్టుకుని ఆమెతో కానిచ్చేద్దాం. చేతులు డూపుతో సరిపెడదాం."

"ఇంకొక్క టెస్టు గుణా. ఐదొందలది ఇంకా మూడు డబ్బాలుండాయి. తలుపులు మూసి, కిటికీ ఒకటే తీసి, పక్క నుంచి వెలుతురు వేసి చూస్తా."

"ఒక్కటే మరి. సోమవారం తియ్యి. అది కాకుంటే నన్ను అడగొద్దు."

కొత్త ఫిల్ము తెప్పించాలంటే మూడు వారాలు. అంటే ఆ మూడు డబ్బాలే దిక్కు.

అనర్థం ఇంట్లోంచే వచ్చింది. శుక్రవారం పొద్దున కాఫీ తాగుతూ వకుళాదేవి, పెద్ద టీచరు కదా, ఫిల్ము ఎలా తయారవుతుందో చెప్పమని అడిగింది. హంసిని ఉత్సాహంగా చెప్పుకుపోయింది. సన్నటి రేకు, దాని మీద జిగురు, జిగురులో వెండి రవ్వలు.

"ఏం జిగురు? తుమ్మజిగురా?"

"కాదమ్మా, జిలెటిన్."

"అంటే?"

హంసిని నీళ్లు నమిలింది. వకుళాదేవి వదిలే రకం కాదు.

"ఎముకల్ని ఉడికిస్తే వచ్చే జిగురమ్మా."

వకుళాదేవి గ్లాసు కింద పెట్టి లేచింది. "ఎముకలా! నా ఫ్రిజ్జులోనా! స్వామికి నైవేద్యం పెట్టే పెరుగు పక్కన ఎముకలు పెట్టినావటే!"

ఆరోజు ఫ్రిజ్జు రెండుసార్లు కడిగింది. పెరుగు పారబోసింది. డబ్బాలను బయట పెట్టడానికి మాత్రం మనసొప్పలేదు. నాగరత్నమ్మ కథ ఆమెకూ తెలుసు. రాత్రంతా ఆలోచించి ఒక దారి కనిపెట్టింది. సినిమావాళ్లు మొదలుపెట్టే ముందు కథ కాగితాలు, పెట్టెలు కొండకు తీసుకుపోయి స్వామి దగ్గర పెట్టించుకుని రారా ఏమిటి? స్వామిని చూసొచ్చిన దానికి అంటు ఎక్కడిది? ఆమె తమ్ముడు ముకుందం కొండమీదే, గుడి కొలువులో ఉన్నాడు. ప్రతి శనివారం ఆమె ఎటూ పోతుంది. కూతురు లేవకముందే మూడు డబ్బాలూ పసుపు గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని బస్సెక్కింది.

కొండ కింద తనిఖీ దగ్గర అందరూ సంచులు మిషన్లో పెట్టాలి. వకుళాదేవి ప్రతి శనివారం పెట్టినట్టే పెట్టింది. సంచి ఒక పక్క లోపలికి పోయి ఇంకో పక్క బయటికి వచ్చింది.

సాయంత్రం ఇంటికి రాగానే ప్రసాదంతో పాటు డబ్బాలు టేబుల్ మీద పెట్టి, "ఇప్పుడు నిశ్చింతగా ఫ్రిజ్జులో పెట్టుకో. ముకుందం పూజలో పెట్టి ఇచ్చినాడు" అంది.

హంసిని ఒక డబ్బా చేతిలోకి తీసుకుంది. "అమ్మా, సంచి మిషన్లో పెట్టినావా?"

"పెట్టకుండా పోనిస్తారా?"

హంసిని డబ్బాను తిరిగి టేబుల్ మీద పెట్టేసింది. ఆ మిషన్లోది ఎక్స్‌రే. ఎముకల్ని చూసే వెలుతురు అది, డబ్బా రేకును లెక్క చేయదు, తిన్నగా పోయి ఫిల్ముకు తగులుతుంది. స్పీడు తక్కువదైతే తట్టుకునేది. ఐదొందలది చీకట్లో కూడా వెలుతురు వెతుక్కునే రకం, దొరికింది దొరికినట్టు తాగేసి ఉంటుంది. తీయకముందే ఫిల్ము అంతా బూడిదరంగు పొర. తల్లిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, వకుళాదేవి గదిలోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చింది.

సోమవారం ఉదయం హంసిని పుత్తూరు పోయింది. గుణశేఖర్‌కు చెప్పలేదు. నాగరత్నమ్మకు చెప్పకుండా ఉండలేకపోయింది.

"ఫిల్ము పాడైపోయింది పెద్దమ్మా. మా అమ్మ తెలీక కొండకు తీసకపోయింది. ఇంక దీంట్లో ఏమీ పడదు. మూడు వారాలు ఆగమంటే గుణ ఆగడు. నావల్ల కాలేదు, నన్ను క్షమించు."

నాగరత్నమ్మ అప్పుడే ఒకడి మోచేయి సరిచేసి చెయ్యి కడుక్కుంటోంది. కొంగుకు తుడుచుకుంటూ వచ్చి డబ్బా చేతిలోకి తీసుకుంది. ఎముక చూసినట్టు వేళ్లతో చుట్టూ తడిమింది.

"కొండకు పోయొచ్చిందా ఇది?"

"అవును."

"నేనూ ఆడికి పోయే గదా తప్పిపోయినా. అట్లని పారేసినారా నన్ను? సిన్నబ్బ ఎత్తుకోని రాలా?" డబ్బా తిరిగి ఇచ్చింది. "దీన్నే పెట్టు."

హంసిని ఫిల్ము ఎక్కించింది. వాదించే ఓపిక లేక ఎక్కించింది, అంతే. తలుపులు మూసి, ఒక్క కిటికీ తీసింది. నాగరత్నమ్మ ఎవరో కుర్రవాడి మణికట్టుకు కట్టు కట్టింది. మధ్యలో ఒకసారి తలెత్తి కెమెరా వంక చూసింది. కెమెరా లోపల రీలు చప్పుడు చేస్తూ తిరిగింది, అయిపోయింది.

తొమ్మిదో తేదీ ముంబై నుంచి బొమ్మ వచ్చింది. గుణశేఖర్ వచ్చేలోపు తనొక్కతే చూసుకుని ఏడ్వాలనుకుంది హంసిని. తల్లి వచ్చి పక్కన కూర్చుంది, పొమ్మనలేకపోయింది.

అనుకున్నట్టే బొమ్మంతా పాలిపోయి ఉంది. నలుపు నలుపుగా లేదు, విభూతి రంగుకు తిరిగింది. గది మూలలన్నీ మసక. ఆ మసకలో, కిటికీ పక్కన, నాగరత్నమ్మ కూర్చుని ఉంది. చెంపల మీది ముడతలు, ముక్కుపుడక, పసరు అంటిన వేళ్లు, గుడ్డ చుట్టే మణికట్టు. తలెత్తి తిన్నగా ఇటు చూసింది.

"నాగరత్నమ్మే గదా" అంది వకుళాదేవి.

హంసిని తల ఊపింది. కాసేపటికి తెలిసింది. ఆమె నుంచి తిరిగి వచ్చే వెలుతురు సున్నా కాదు, మీటరుకు అందనంత తక్కువ. ఉత్త ఫిల్ము మీద అది ఆనదు, తనిఖీ మిషన్ ముందే కొంత వెలుతురు పోసిపెట్టిన దీనిమీద ఆనింది. బిందె ముందే గొంతుదాకా నిండి ఉంటే గ్లాసెడు పోసినా పొర్లి కనబడుతుంది. ఒకప్పటి కెమెరామెన్లు నీడల్లో ఉన్నవి తేల్చడానికి, తీయబోయే ముందు ఫిల్ముకు కావాలనే చిటికెడు వెలుతురు చూపించేవాళ్లని గురువు చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావాల్సినప్పుడు రాలేదు, అదీ వరస.

గుణశేఖర్ వచ్చి మూడుసార్లు చూశాడు. "ఇదేం ఫిల్మబ్బా? ఏ నంబరు?" అన్నాడు.

"ఐదొందలు. కొండకు పోయొచ్చింది."

"అయితే మొత్తం సినిమా దీనితోనే" అన్నాడు, చెన్నైకి ఫోన్ చేసి డేట్లు వద్దన్నాడు.

ఆ తర్వాత మూడు నెలలు వకుళాదేవికి శనివారాలు చాల్లేదు. కొత్త ఫిల్ము రావడమే తరువాయి, పసుపు గుడ్డలో చుట్టి కొండకు తీసుకుపోయేది. మొత్తం నలభై ఒక్క డబ్బాలు. తనిఖీ దగ్గరివాళ్లు ఆమెను చూడగానే "పుత్తూరమ్మ ఫిల్మా? పెట్టండమ్మా" అనేవారు. ఫ్రిజ్జులో పెరుగు పక్కన వాటికి ఒక అర ఖాళీ చేసి ఇచ్చింది.

సినిమా విడుదలకు ముందు ట్రైలర్ ఫోన్లలోకి వచ్చింది. అది వచ్చిన తొమ్మిదో రోజు హంసిని పుత్తూరులోనే ఉంది. పోస్టరు చూపించడానికి పోయింది. అరుగు మీద కట్టు కోసం వచ్చినవాళ్ల వరసలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. డెబ్బైకి దగ్గర వయసు, ఒళ్లో గుడ్డసంచి. ఆమె వంతు వచ్చింది.

"యాడమ్మా నొప్పి?" అంది నాగరత్నమ్మ.

ఆవిడ చెయ్యి చాపలేదు. నాగరత్నమ్మ ముఖం వంకే చూస్తోంది. "నా పేరు దేవకమ్మ. సూళ్లూరుపేట నుంచి వచ్చినా. మా అమ్మ పోయి ముప్పై ఏండ్లయింది. మొన్న మద్రాసు రైల్లో, పక్కన కూసున్న పిల్ల ఫోన్లో, మా అమ్మ ఎవురికో కట్టు కడతా కనపడింది."

అరుగు మీది వరసంతా దగ్గరికి జరిగింది.

దేవకమ్మ సంచిలోంచి పాత అట్ట ఫోటో తీసింది. వెనక తెర మీద ఏడుకొండల బొమ్మ. ముందు ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుని ఉంది, ఆమె పక్కన ఏడేళ్ల పిల్ల. అటు పక్కన మీసాలున్న మగమనిషి నిలబడి ఉన్నాడు. ఆయనకూ ఆ పిల్లకూ మధ్య కొంచెం ఖాళీ. ఆయన కుడి చెయ్యి ముందుకు చాచి ఉంది. అరచెయ్యి ఒక చిన్నపిల్ల భుజం అంత ఎత్తున, గాలిలో, దేని మీదో పెట్టినట్టు ఆగి ఉంది.

"దీన్నే పట్టుకోని మా నాయన ఊరూరూ తిరిగినాడు" అంది దేవకమ్మ. "ఈడ నా బిడ్డ ఉండాది సూడండి, ఈడ ఉండాది సూడండి అనేవోడు. పిచ్చోడనుకున్నారు అందరూ. పోయేదాకా తిరిగినాడు."

నాగరత్నమ్మ ఫోటో తీసుకుంది. తర్వాత పసరు అంటిన బొటనవేలు ఆ చెయ్యి కింద, ఖాళీ మీద పెట్టింది. రెండో చెయ్యి తన ఎడమ భుజం మీదికి పోయింది.

"అక్కా" అంది. అరవై ఏళ్లలో ఆ నోటి నుంచి ఆ మాట అంత మెల్లగా రావడం ఎవరూ వినలేదు.

ఇద్దరూ ఏడ్చారు, కూడా ఉన్నవాళ్లంతా ఏడ్చారు, కాలు విరిగి వచ్చినవాడు నొప్పి మరిచిపోయి ఏడ్చాడు. సర్దుకున్నాక దేవకమ్మ హంసిని చేతిలోని ఫోన్ చూసి, "మా ఇద్దరికీ ఒక ఫోటో తియ్యి తల్లీ" అంది. హంసిని తీసింది. తెర మీద దేవకమ్మ ఒక్కతే ఉంది, నవ్వుతూ, పక్కనున్న గాలి మీద చెయ్యి వేసి, అచ్చం వాళ్ల నాయన నిలబడినట్టే.

హంసిని ఆ ఫోటో వాళ్లకు చూపించలేదు. కొంచెం పక్కకు పోయి ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, మొన్న మిగిలిపోయిన కొత్త డబ్బా ఒకటి ఫ్రిజ్జులో ఉండాల. రేపే కొండకు తీసకపో."

"రేపు శనివారం కాదు గదే" అంది వకుళాదేవి.

"నాగరత్నమ్మ వాళ్లక్క వచ్చింది."

అవతల ఫ్రిజ్జు తలుపు తీసిన చప్పుడు వినబడింది. "ఉండాది. పసుపు గుడ్డ యాడ పెట్టినానో చూస్తా" అంది వకుళాదేవి.